ఖాళీ అని రాసిన అడవి

సిరోంచ

తమ్ముడు సిద్ధార్థ్‌కు అక్క జ్యోత్స్న మనసారా జై భీమ్. సిరోంచలో నేను, మీ బావ, పిల్లలు, ఊళ్లో అమ్మ, అందరం బాగున్నాం. ఆ కొండల మధ్య నువ్వు కూడా బాగున్నావని, వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. నమ్మమంటే కష్టమే అనుకో.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందని అడిగావు. నొప్పి అట్లాగే ఉంది. కానీ నిన్న మన తల్లి కనకవ్వ, పక్కింటి జంగుబాయి చెయ్యి పట్టుకుని, డోలు దెబ్బకు ఊరి మధ్యలో ఎగిరింది! మనం గెలిచాం తమ్ముడూ! మన నది మీద కట్టబోయే డ్యామ్ ఎత్తు తగ్గించారు. మన ఊరు మునగదు! ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలోనే వాదనకు దిగుతావు. ఉత్తరమైతే చివరిదాకా నోరు మూసుకుని వినాల్సిందే.

"ఒక్క ఊరి కోసం అన్ని జిల్లాల కరెంటు ఆపుతారా అక్కా? నర్సువై ఉండి నువ్వు కూడానా?" అని పోయిన ఉత్తరంలో గట్టిగానే అడిగావు. నర్సును కాబట్టే కరెంటు విలువ నాకు తెలుసు. పోయిన వానాకాలం సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కాన్పు చేశాను. ఫ్రిజ్ ఆగిపోయి టీకాలు పారబోసుకున్నాం. అక్కడి పవర్‌హౌస్‌లో నువ్వు చేసే పనిని నేనెప్పుడూ తక్కువ చేసి చూడలేదు. కానీ ఎంత కరెంటు వస్తుందో అంత బాగా లెక్క కట్టినవాళ్లు, దానికోసం మనుషులకు ఏం పోతుందో మాత్రం సరిగ్గా చూడలేదు. ఇళ్లు రాసుకున్నారు, పట్టా పొలాలు రాసుకున్నారు. అడవి దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అని రాసి చేతులు దులుపుకున్నారు.

వాళ్లు సర్వేకు వచ్చింది వానల్లో. అడవిలో కంచె లేదు, చెట్ల మీద పేర్లు లేవు. ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో మన ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు కనుక ఎవరూ ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు. భూమి లేక కూలికి వచ్చిన మన తాతకు జంగుబాయి మామ మొదట ఇచ్చింది ఇప్పచెట్టే కదా. మన ఇల్లు కూడా ఆ తర్వాత కట్టిందే.

చలికాలంలో ఊళ్లో సభ పెట్టినప్పుడు, డ్యామ్ ముంపు సంగతి తేల్చడానికి వేసిన కమిటీ పెద్దసారు మరాఠీలో అదే మాట అన్నాడు, అడవి మీద ఎవరి హక్కూ కనబడలేదని. నేను తెలుగులో చెప్పీ చెప్పకముందే జంగుబాయి లేచి నిలబడింది.

"పూలు రాలేటప్పుడు రా సాబ్. పొద్దుగాల్నే రా. అప్పుడు సూడు, ఖాళీ ఉన్నదో లేదో!"

సారు తలూపితే మాటవరసకు అనుకున్నాను. కానీ హోలీ అయ్యాక నిజంగానే వచ్చాడు! అప్పటికే ఎప్పటిలాగే ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు ఊడ్చి, నేల అద్దంలా చేసి పెట్టుకున్నారు. తెల్లారేసరికి ప్రతి చెట్టు కిందా గంపలు, ముసలివాళ్లు, పిల్లలు. సారు ఎటు తిరిగినా ఎవరో ఒకరి చెట్టు కిందికే వెళ్లాడు. మన చెట్టు కిందికి బూట్లతో రాబోతుంటే అమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"బూట్లు ఇడువు సారూ! పూలు తొక్కుతున్నవ్. జర జూసి నడువు."

ఆయన అక్కడే ఆగి బూట్లు విప్పాడు. తర్వాత పరీక్ష పెడదామనుకున్నాడేమో, పక్క చెట్టు కింద ఉన్న జంగుబాయిని పిలిచి, మన చెట్టు పూలు నాలుగు ఏరి ఇమ్మన్నాడు. జంగుబాయి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గవి కనకవ్వయి సాబ్. నేనెట్ల ముట్టాలె?"

"చెట్టు మీద పేరు లేదు కదా?"

"పేరెందుకు? కనకవ్వ గీడనే ఉన్నది గదా!"

సారు నవ్వలేదు. ఎండ ముదిరేదాకా చెట్టు చెట్టుకూ తిరిగి అడిగాడు, ఎవరిదని. ఎక్కడా జవాబు ఆలస్యం కాలేదు. ఆయన రాసిచ్చిన దాన్ని బట్టే ఎత్తు తగ్గిస్తూ నిన్న ఉత్తర్వు వచ్చింది. ఎత్తు తగ్గితే కరెంటూ తగ్గుతుంది. అది ఎక్కడో ఎవరికో అవసరమేనని నాకు తెలుసు. అయినా సంతోషంగా ఉంది తమ్ముడూ, చెప్పలేనంత గర్వంగా ఉంది.

ఇక ఇంతసేపూ రాయడానికి చెయ్యి రాని సంగతి. ఎత్తు తగ్గడంతో ఈ డ్యామ్ దగ్గర కట్టబోయే పవర్‌హౌస్‌లో రెండో యూనిట్ రద్దయింది. బదిలీ మీద ఇంటి దగ్గరికి రావాలని నువ్వు ఆశ పెట్టుకున్న ఉద్యోగం అందులోదే. ఇట్లా అవుతుందని సభకు ముందే నాకు తెలుసు. తెలిసే సారు పక్కన నిలబడి, మనవాళ్లు అన్న ప్రతి మాటా ఒక్కటి తగ్గకుండా మరాఠీలో చెప్పాను. నువ్వు వచ్చే దారి నా నోటితోనే మూశాను. కోపం వస్తే తిట్టు, పడతాను.

నిన్న ఆట అయ్యాక అమ్మకు ఈ సంగతి చెప్పాను. ఏడుస్తుందని భయపడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నాకు ఎరుక లేదనుకున్నవా? వాడు ఇంటికి రావాల్నంటే ముందుగాల ఇల్లుండాలె గద బిడ్డా. ఇప్పుడు ఇల్లున్నది. ఎప్పుడొస్తడో ఇగ వాడి ఇష్టం."

ఇట్లు,
ఈసారికి నీ మీద గెలిచిన
నీ అక్క
జ్యోత్స్న