కిలో బియ్యానికి ఒక్క చీటీ

సెప్టెంబర్ 14, 2011. భూపాలపల్లి.

నిన్నటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. గనులు బంద్, జీతాలు బంద్. నా కిరాణా కొట్టుకు మాత్రం స్వర్ణయుగం! ధరలు పెరిగేది పైవాళ్లు ఎడాపెడా నోట్లు కొట్టడం వల్లేనని పదేళ్లుగా టీ కొట్లో గొంతు చించుకుంటున్నాను. వినేవాడు లేడు. ఇప్పుడు చేసి చూపిస్తా. సొంత డబ్బు! గులాబీ చీటీ, దుకాణం ముద్ర, కింద రామ్మోహన్ అని నా సంతకం. ఒక చీటీకి ఒక కిలో బియ్యం. జీతం లేని కార్మికులకు ఇప్పుడు అప్పుగా ఇస్తా, జీతాలొచ్చాక తీరుస్తారు.

నిర్ణయం: గోనెల్లో ఎన్ని కిలోలుంటే అన్నే చీటీలు. ఒక్కటి ఎక్కువ కొడితే నా పేరు మార్చుకుంటా.

వరలక్ష్మి (నా భార్య, నా ప్రతిపక్షం): "నోట్లు కొట్టెటోళ్లను తిట్టి తిట్టి, ఇప్పుడు మీరే కొట్టుడు షురూ చేసిన్రా?"

అర్థశాస్త్రం అందరికీ ఎక్కదు.

సెప్టెంబర్ 17.

అద్భుతం! సెలూన్ పాపయ్య క్షవరానికి చీటీ తీసుకున్నాడు. పాలవాడూ తీసుకున్నాడు. బజారంతా నా సంతకమే తిరుగుతోంది. ఒక్క ధరా కదల్లేదు! రిజర్వు బ్యాంకు గవర్నరుకు ఉత్తరం రాశా. పోస్టాఫీసు మూసి ఉంది. పోనీ, పాపం.

సెప్టెంబర్ 21.

రోడ్డు మీద వంటావార్పు. గని కార్మికుడు భిక్షపతి వచ్చాడు.

"సేటూ, అందరం రోడ్డు మీదనే వండుకొని తింటున్నం. పప్పుకు, కూరగాయలకు యాభై చీటీలియ్యరాదే!"

"గోనెలకు సరిపోను ఇచ్చేసిన, భిక్షపతన్నా."

"తెలంగాణ కోసం గూడ ఇయ్యవా?"

ఒళ్లు పులకరించింది. వంద కొట్టా! ఇది ముద్రణ కాదు, ఉద్యమం. ఉద్యమం లెక్కలోకి రాదు.

సెప్టెంబర్ 24.

ఇంకొన్ని కొట్టా. బజారు కాస్త మందకొడిగా ఉంది, కదిలించాలి కదా. తాత్కాలికం.

సెప్టెంబర్ 27.

ఘోరం! పాపయ్య క్షవరానికి రెండు చీటీలు అడిగాడు.

"కత్తెర అదే, తల అదే. రేటెందుకు పెంచినవ్?"

"నేనేడ పెంచిన సేటూ? ఎవరి జేబుల జూసినా నీ చీటీలే కుప్పలు. పాలోడు గూడ రెండే అడుగుతున్నడు."

లాభాల పిశాచీ అని తిట్టా. 'క్షవరం ఒక్క చీటీకే. మీరితే చర్య' అని బోర్డు రాసి అతని గోడకు తగిలించా. పాపయ్య సెలూన్ మూసేసుకున్నాడు. తర్వాత తట్టింది, ఇలాంటి బోర్డులు పెట్టేవాళ్లనే కదా నేను పదేళ్లు తిట్టింది! బోర్డు మాత్రం తీయలేదు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి.

అక్టోబర్ 1.

సమ్మెకు లారీలు లేవు. ఉన్నది ఒక్క గోనె. పొద్దున్నే కొట్టు ముందు వరస. మొదట కాళి. తండా నుంచి వచ్చింది, మొగుడిది గనిలో పని. చేతిలో మూడు చీటీలు.

"అరకిలో చొప్పునే ఇస్తా, అక్కా" అన్నా, ఆమె మొహం చూడకుండా.

"గిండ్ల కిలో అని రాసున్నది గద సేటూ. ఈ సంతకం నీది కాదా?"

నాదే. సిగ్గుతో చచ్చిపోయా. వరలక్ష్మి లోపలికి వెళ్లి, ఇంటి బియ్యం డ్రమ్ము ఈడ్చుకొచ్చింది. కాళికి మూడు కిలోలూ కొలిచా, ఆమె వెనకవాళ్లకూ చీటీకి కిలో చొప్పునే. గోనె అయిపోయింది, డ్రమ్మూ అయిపోయింది. మిగిలినవాళ్లు చీటీలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

అక్టోబర్ 2.

కొత్త నిర్ణయం! గులాబీ చీటీ రద్దు. రేపటి నుంచి పచ్చ చీటీ! బియ్యం ఉంటేనే కాగితం, ఈసారి నిజంగా. నిన్న ఉత్త చేతులతో వెళ్లినవాళ్లకు గులాబీకి బదులు పచ్చవి రేపు పొద్దున్నే ఇచ్చేయాలి. మాటంటే మాటే. బియ్యం ఇంకా రాలేదు. వచ్చేస్తుంది.