పక్కింటి థైమ్ ప్రాణత్యాగం

నవంబరు, పిస్కాటవే

గౌరవనీయురాలు జ్ఞానప్రసూన గారికి,

పిస్కాటవే తెలుగు తోటల సంఘం శీతకాల సంరక్షణ ఉపసంఘాధ్యక్షుడు వీరభద్రరావు నమస్కరించి వ్రాయునది.

ఒక మొక్కను మరొకరికి అప్పగించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు విన్నపం, తరువాత పరిశీలన, ఆపైన తీర్మానం, చివరగా నీళ్ళు. ఈ వరుస తప్పినందువల్లనే లోకంలో చాలా మొక్కలు ఎండిపోతున్నాయని మా నిశ్చితాభిప్రాయం. "అన్నయ్యగారూ, మా అమ్మాయి రాగిణి డెలివరీకి డబ్లిన్ వెళ్తున్నా, బ్యాక్‌యార్డ్‌లో మొక్కలు కాస్త చూస్తుండండి" అన్న మీ వాట్సాప్ సందేశం నిబంధనల ప్రకారం చెల్లదు. సంతకంతో ఉత్తరం పంపగలరు.

గత రెండు శీతకాలాల్లో సభ్యులు మాకు అప్పగించిన కరివేపాకు మొక్కలన్నీ కాలధర్మం చెందిన విషయం విదితమే. ఈ వసంతానికి ఒక్క మొక్కనైనా ప్రాణాలతో చూపించలేకపోతే ఉపసంఘాన్ని రద్దు చేస్తామని సర్వసభ్య సమావేశం హెచ్చరించింది. కనుక మీ మొక్కలు బతకడం ఇకపై మీ సొంత విషయం కాదు.

ఇట్లు,
వీరభద్రరావు, అధ్యక్షుడు

తా.క. "చలిని తట్టుకునే మొక్కలంటున్నారు, మీ చేతిని కూడా తట్టుకుంటాయేమో" అని మా ఆవిడ లీలావతి అన్నది. దీనిని ప్రోత్సాహంగా నమోదు చేశాము.

నవంబరు, డబ్లిన్

వీరభద్రరావు అన్నయ్యగారికి నమస్కారం.

ఇదిగో సంతకం. నావి వంటల్లో వేసుకునే ఆకుల మొక్కలు: థైమ్, సేజ్, ఉల్లికాడల్లాంటి చైవ్స్, పుదీనా. నాలుగేళ్ళుగా పెంచుకుంటున్నాను. ఇవి మన కరివేపాకులా సుకుమారమైనవి కావు, చలికాలమంతా మంచులోనే హాయిగా ఉంటాయి. నేల గడ్డకట్టాక మొదళ్ళలో కాసిని ఎండుటాకులు కప్పండి. కత్తిరించవద్దు, ఎరువు వేయవద్దు, ఇంట్లోకి అసలే తేవద్దు. ఆ తర్వాత ఏమీ చేయకండి.

మీ చెల్లెలు,
జ్ఞానప్రసూన

తా.క. ఏమీ చేయకండి అని మళ్ళీ రాస్తున్నాను. కరివేపాకుల సంగతి నేనూ విన్నాను.

డిసెంబరు, పిస్కాటవే

గౌరవనీయురాలు జ్ఞానప్రసూన గారికి,

"ఏమీ చేయకండి" అన్న మీ సూచనపై అత్యవసర సమావేశం జరిపాము. ఏమీ చేయకుండా ఉండటానికి ఉపసంఘం దేనికని కోశాధికారి రాజారావు గారు ప్రశ్నించారు. ఈ ప్రశ్న బయటికి పొక్కితే ప్రమాదమని గ్రహించి, తక్షణమే మీ మొక్కలను తవ్వి మా లివింగ్ రూమ్‌కి తరలించాము. థైమ్, సేజ్, లావెండర్ హీటర్ పక్కన విశ్రమిస్తున్నాయి. రాత్రిళ్ళు శాలువా కప్పుతున్నాము. కరివేపాకుకు చేసే మర్యాదే వీటికీ చేస్తూ, రోజూ పుల్లమజ్జిగ పోస్తున్నాము. చైవ్స్, పుదీనా కనిపించలేదు. పరారీలో ఉన్నట్లు నమోదు చేశాము.

ఇట్లు,
వీరభద్రరావు, అధ్యక్షుడు

తా.క. మీ తోటలోని పింగాణీ కప్పను కూడా వెంట తెచ్చాము. దానికి మజ్జిగ పోయడం లేదు.

జనవరి, డబ్లిన్

వీరభద్రరావు గారికి,

మజ్జిగా? శాలువానా? వాటికి చలిలో నిద్ర కావాలండీ. హీటర్ పక్కన పెడితే వసంతం వచ్చేసిందనుకుని చిగుళ్ళు వేసి, ఓపిక లేక వాలిపోతాయి. అలాగని ఒక్కసారిగా మంచులో పడేయకండి, చల్లటి గరాజ్‌లో కిటికీ దగ్గర పెట్టండి. చైవ్స్, పుదీనా ఎక్కడికీ పారిపోలేదు, చలికాలం పైన ఎండిపోయి వేళ్ళతో బతుకుతాయి. నాకు లావెండర్ లేదు. సేజ్‌నే రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు. కప్ప కూడా లేదు. అది ఏమిటో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు.

జ్ఞానప్రసూన

తా.క. మనవరాలు పుట్టింది. పాపను చూడటానికి వీరభద్రం అంకుల్ వస్తే మజ్జిగ గిన్నె దాచేయమని రాగిణి ఇప్పుడే చెప్పి ఉంచింది.

మార్చి, పిస్కాటవే

గౌరవనీయురాలు జ్ఞానప్రసూన గారికి,

తీవ్ర విచారంతో తెలియజేయునది. గరాజ్ విషయం తీర్మానం దాకా వచ్చేసరికి థైమ్ పోయింది. సేజ్ దాని వెంటే వెళ్ళింది. లావెండర్ చివరిదాకా పోరాడింది, ప్రధానంగా మాతో. సంతాప సభ జరిపి, పులిహోర పంచాము.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో సంఘ కార్యదర్శి రాధాకృష్ణ గారు ఉపసంఘం రద్దు తీర్మానం పెడతారు. ఆఫీసులో నన్ను అందరూ "వీర్" అంటారు. "అధ్యక్షుల వారూ" అని పిలిచేది ఈ ఒక్క చోటే. ఇది అప్రస్తుతం, అయినా రాశాను.

ఇట్లు,
వీరభద్రరావు, ప్రస్తుతానికి అధ్యక్షుడు

తా.క. కప్ప క్షేమం.

ఏప్రిల్, పిస్కాటవే

అధ్యక్షుల వారికి,

నిన్న ఇంటికి వచ్చాను. ఏడుద్దామని బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళాను. నా థైమ్ పచ్చగా ఉంది. సేజ్ నిటారుగా ఉంది. చైవ్స్ మొనలు తేలాయి, పుదీనా చిగురించింది. నా మడిలో ఎవరూ గునపం వేయలేదు. గుంటలన్నీ పక్కింటి ప్రేమజ్యోతి గారి మడిలో ఉన్నాయి. మా వరుసలో ఇళ్ళన్నీ వెనకనుంచి ఒకేలా ఉంటాయి. పాపం ఆవిడ, పోయిన మొక్కల కోసం, కప్ప కోసం తెలుగు చర్చిలో క్రిస్మస్ నుంచి ప్రార్థన చేయిస్తోంది.

ఆవిడకు మీరు చెబుతారా, నేను చెప్పనా?

జ్ఞానప్రసూన

తా.క. నా మొక్కలకు ఎండుటాకులు కూడా ఎవరూ కప్పలేదు. ఉపసంఘం వారి దృష్టి పడకపోవడం ఒక్కటే వాటికి దొరికిన సంరక్షణ.

ఏప్రిల్, పిస్కాటవే

గౌరవనీయురాలు జ్ఞానప్రసూన గారికి,

మీ ఉత్తరాన్ని సర్వసభ్య సమావేశంలో సాక్ష్యంగా చదివాము. ఉపసంఘానికి అప్పగించిన మొక్కలన్నీ ప్రాణాలతో ఉన్నట్లు తేలింది. సంఘ చరిత్రలో ఇది ప్రథమం. చనిపోయినవి మాకెవరూ అప్పగించనివి గనుక లెక్కలోకి రావు. రాధాకృష్ణ గారు తీర్మానాన్ని ఉపసంహరించుకున్నారు.

ప్రేమజ్యోతి గారిని అదే సభకు ఆహ్వానించి, కప్పను, క్షమాపణను ఒకేసారి సమర్పించాము. ఆమె లేచి, "మిమ్మల్ని క్షమించాను బ్రదర్. మళ్ళీ నా బ్యాక్‌యార్డ్‌లో కనిపిస్తే మాత్రం పోలీస్‌కి కాల్ చేస్తా" అన్నారు. మొదటి వాక్యాన్ని సభ మినిట్స్‌లో చేర్చాము.

ఇట్లు,
వీరభద్రరావు, పునర్నియమిత అధ్యక్షుడు

తా.క. ఈ ఏటి అనుభవాన్ని పురస్కరించుకుని ఏకగ్రీవంగా ఆమోదించిన నియమం: ఇకపై ఏ సభ్యుని మొక్కలను కాపాడవలసి వచ్చినా, ఉపసంఘం విధిగా పక్కింటివారి మొక్కలనే తవ్వి తీసుకుపోవలెను. ఇది తుది నియమం. దీనిపై అప్పీలు లేదు.