కోర్టు అడగని దగ్గు

బంగారు తల్లీ అమూల్యా,

ఫోన్ చేయొచ్చుగా పిన్నీ అంటావు. నేను ఫోనెత్తితే మీ బాబాయి చెవులు ఇటే ఉంటాయి. నువ్వు నరసరావుపేటలో లాయరువయ్యాక నేనడుగుతున్న మొదటి సందేహం ఇది, నవ్వకు.

పక్క పొలం బసవయ్య కల్లంలో ఏడాది పంట, ఎండు మిరపకాయలు తగలబడిన కేసులో మీ బాబాయిని కోర్టు నిర్దోషి అని వదిలేసింది కదా. ఇప్పుడు తనంతట తానే ఒప్పుకుంటే మళ్లీ జైల్లో వేస్తారా?

నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ తెల్లవారుజామున మిరప ఘాటుకు ఊరంతా దగ్గింది. మీ బాబాయి మాత్రం పొగ మన వీధికి రాకముందే దగ్గుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. కోర్టులో ఏవేవో అడిగారు గానీ దగ్గు సంగతి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయనకు అన్నం వడ్డించినప్పుడల్లా ఆ మాటే అడగబోయి కూర అడుగుతున్నాను, చాలా కష్టంగా ఉందే.

మీ పిన్ని
సీతారావమ్మ


అమూల్యా, నా తల్లీ,

ఒకసారి విచారించి వదిలేశాక, అప్పీలు కూడా లేకపోతే, ఒప్పుకున్నా సరే అదే నేరానికి మళ్లీ విచారణ ఉండదని రాశావు. ఇదేం చట్టమని మొదట ఒళ్లు మండింది. తర్వాత తోచింది, జైలు భయం లేని మనిషిని నిజం అడగొచ్చు గదా అని. బసవయ్య నష్టపరిహారం దావా వేయొచ్చన్నదీ గుర్తుపెట్టుకున్నాను.

నిన్న కంచం ముందు కూర్చోగానే అడిగేశాను. పొలాలకు వెళ్లే డొంక దారి తగాదాలో బసవయ్య నలుగురిలో తిట్టాడట, ఆ కోపంలో నిప్పు పెట్టాడట. పైగా నన్నే తప్పుపట్టాడు.

“ఇన్నాళ్లూ అడగలేదంటే నువ్వు కూడా కేసు కొట్టేశావనుకున్నా గదే. ఇప్పుడు మళ్లీ ఏంది?”

“నేనసలు మొదలుపెడితే గదా కొట్టేసేది” అన్నాను.

ఈ పొద్దున ఇద్దరం బసవయ్య కల్లానికి వెళ్లాం. ఆయన ఈ ఏటి కాయలు తిరగేస్తున్నాడు. మీ బాబాయి తలొంచుకుని అంతా చెప్పాడు, దావా వేసినా కాదననన్నాడు. బసవయ్య చేతిలో కాయలు కింద పోసేశాడు. ఆనక కల్లం అవతల కాయలు ఏరుతున్న భార్య పార్వతమ్మను పిలిచాడు.

“నాకు చెబితే చాలదు. ఆ కాలిపోయిన కాయలు కోసింది ఇది. దీనికీ మళ్లీ మొదట్నుంచీ చెప్పు.”

ఒకే నేరానికి రెండు విచారణలు కూడదంటుంది మీ చట్టం. మీ బాబాయికి మాత్రం ఆ రెండోసారి చెప్పేటప్పుడే ఏడుపొచ్చింది.

నీ
పిన్ని