ఎగువ రాజు మీద రొంపిచెర్ల తీర్పు

రొంపిచెర్ల,
జూన్ 20

రచయిత్రి మేఘశిఖ గారికి నమస్కారం.

మీరు నన్నెరగరు. నా పేరు ధనుంజయరావు. మిరప రైతును. ముప్పయ్యేళ్ళుగా ఈ చుట్టుపక్కల గట్టు తగాదాలకూ నీళ్ళ తగాదాలకూ తీర్పులు చెబుతున్న పెద్దమనిషిని. మా మనవరాలు నిహారిక మీ ‘ఏడు తూముల రాజ్యం’ నాలుగు భాగాలూ నా మంచం మీద పడేసి హాస్టలుకు పోయింది. వారంలో నాలుగూ చదివేశాను.

అంతకుముందు ఆ పిల్లే ఇంకో రచయిత మాయాలోకం నవల ఇచ్చింది. అందులో అందరూ గాల్లో ఎగురుతారు గానీ ఒక్కడూ అన్నం తినడు. మంత్రం చదవబోతే నాలుక మడతపడుతుంది. మీ కథ అట్లా కాదు. మీ రెక్కల పాము మిరప కల్లం మీదుగా పోతే తుమ్ముతుంది. తుమ్మితే నిప్పులు రాలతాయి. ఇది కల్లం చూసిన మనిషి రాత. ఇక ఆ పామును లేపే మంత్రం! “లేవే ముసలీ, ఎండెక్కింది.” ఇంతకంటే గొప్ప మంత్రం నేనెక్కడా చదవలేదు.

ఒక్కటే బాధ. ఎగువ రాజు ఉగ్రకేతుడు తూము మూసి దిగువ రాజు సోమకేతుడి చేలు ఎండగొట్టాడు. దానికి నాలుగు భాగాల యుద్ధమా? మా దగ్గర ఒక పూటలో తేలిపోయే తగాదా ఇది. ఇద్దరినీ నా దగ్గరికి పంపండి.

ఇట్లు,
మీ పాఠకుడు ధనుంజయరావు

తా.క.: ఉగ్రకేతుడికి బట్టతల ఎందుకు పెట్టారు? జుట్టుంటే మీ సొమ్మేం పోయింది?

విజయవాడ,
జూన్ 29

పెద్దలు ధనుంజయరావు గారికి నమస్సులు.

మీ ఉత్తరం మా ప్రచురణకర్తల ద్వారా అందింది. మీ అభిమానానికి చాలా సంతోషం. నాకు నచ్చే రచయితలూ అటువంటివాళ్ళే. ఎంత వింతలోకం కల్పించినా అందులో ఉప్పూకారం మరిచిపోరు. రాక్షసుడికి కూడా జలుబు చేస్తుంది.

కానీ రాజులను పంపలేను. వాళ్ళు కల్పిత పాత్రలు. పైగా రాజీ కుదిరితే నాకు ఐదో భాగం ఉండదు. అందులో ఉగ్రకేతుడు సోమకేతుడితో ఒక్క మాటయినా మాట్లాడకుండానే తూము దగ్గర ప్రాణం వదులుతాడు.

నమస్కారాలతో,
మేఘశిఖ

తా.క.: బట్టతల కథకు అవసరం. కిరీటం జారాలి కదా.

రొంపిచెర్ల,
జూలై 6

మేఘశిఖ గారికి,

ఉగ్రకేతుడు మాట్లాడకుండానే పోతాడని చదివాక నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు. అట్లా చేయకండి. చచ్చిపోతే పోయాడు గానీ మాట్లాడి పోవాలి.

మీ ఉత్తరం టీకొట్టులో చదివి వినిపించాను. దాంతో ఊరు రెండయింది. టీకొట్టు నాగూర్ వలి దిగువ రాజు పార్టీ. “నీళ్ళాపినోడితో రాజీ ఏంది బాబాయ్? ముందు తూమెత్తమను!” అంటాడు. పాలకేంద్రం సుందరమ్మ ఎగువ రాజు పార్టీ. “అడిగే తీరున అడిగితే ఇయ్యకపోయేవాడా? ఆ దిగువోడికి కూడా చానా పొగరు” అంటుంది. ఇప్పుడు నాగూర్ వలి ఎగువ పార్టీ వాళ్ళకు చక్కెర లేని టీ పోస్తున్నాడు. సుందరమ్మ దిగువ పార్టీ వాళ్ళ పాలు నీళ్ళపాలని వెనక్కి పంపుతోంది. తొందరగా తేల్చకపోతే ఊళ్ళో ఉండలేం.

కల్పిత పాత్రలన్నారు. నేను చూసిన సాక్షుల్లో సగం మంది కల్పితమే. వాళ్ళను పెట్టుకునే ఇన్నేళ్ళు తీర్పులు చెప్పాను.

ఇట్లు,
ధనుంజయరావు

తా.క.: పాము కూడా రావాలి. తూము మూసిననాడు అక్కడున్న సాక్షి అదొక్కటే. కల్లానికి దూరంగా కట్టేద్దాం.

విజయవాడ,
జూలై 14

ధనుంజయరావు గారికి,

మీ ఉత్తరం చూసి ఐదో భాగం రాయడం ఆపేశాను. రాజులిద్దరినీ అడిగాను. సోమకేతుడు “ఆ పెద్దాయన తీర్పయితే కట్టుబడతాను” అన్నాడు. ఉగ్రకేతుడు ఇంకా నోరు విప్పలేదు. ఆయన స్వభావం మీకు తెలియనిది కాదు.

ఒక్కటే షరతు. తీర్పు కాగితం మీద ఉండాలి. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలూ కావాలి. తీర్పు అమలు కాకపోతే మీ పూచీ ఏమిటో కూడా రాయాలి.

మేఘశిఖ

తా.క.: పాము రానంటోంది. మీ వైపు మిరపకాయల సంగతి ఎవరో చెప్పారట.

రొంపిచెర్ల,
జూలై 21

మేఘశిఖ గారికి తీర్పు పంపుతున్నాను.

తూము మూసినవాడిదే తప్పు. దిగువవాడి పొగరు సంగతి తర్వాత. కాబట్టి ఉగ్రకేతుడే ముందు వెళ్ళాలి. పెద్దవాడినని ఇంట్లో కూర్చుంటే కుదరదు. మనిషి చేత కబురంపితే చెల్లదు. బస్సులో వెళ్ళాలి. ఆ రాజ్యంలో బస్సు లేకపోతే ఎడ్లబండి. ఏనుగు మీద పోతే అది క్షమాపణ కాదు, ఊరేగింపు. వెళ్ళి, గడప బయట చెప్పులు విప్పి, “తప్పయింది” అని, ఆ ఇంటి మజ్జిగ అడిగి తాగాలి.

ఉగ్రకేతుడు దీనికి కట్టుబడకపోతే నేను నా మీసం తీయించుకుంటాను.

సంతకం: ధనుంజయరావు
సాక్షులు: నాగూర్ వలి, సుందరమ్మ

తా.క.: సాక్షులిద్దరూ సంతకాల కోసం ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. టీలో చక్కెర పడింది.

నరసరావుపేట,
జూలై 28

పెదనాన్నా,

నేను యశస్వినిని. నీ తమ్ముడు శ్రీహరి కూతుర్ని. మేఘశిఖ నా కలం పేరు.

పదకొండేళ్ళ కిందట మా మిరప చేనికి ఒక్క తడి నీళ్ళు అందకుండా నువ్వు తూము మూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. చేను ఎండింది. మేం ఊరు వదిలి ఇక్కడికి వచ్చేశాం. నీకూ నాన్నకూ మాటలు పోయాయి. ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియక రెక్కల పామును పెట్టి కథగా రాసుకున్నాను. నీ మొదటి ఉత్తరం మీద పేరు చూసి భయపడ్డాను. రెండో ఉత్తరానికి ఆశపడ్డాను.

తూము మూసింది నువ్వే. తీర్పు చెప్పిందీ నువ్వే. సంతకం కూడా నా దగ్గరుంది. విజయవాడ నుంచి ఇంటికి వచ్చి నాన్నకు చదివి వినిపించాను. “అన్నయ్య చెప్పిన తీర్పు ఎప్పుడూ తప్పలేదు” అన్నాడు.

నీ యశస్విని

తా.క.: మీసం మాట దగ్గర నాన్న నవ్వాడు. నీ ప్రస్తావన వస్తే నవ్వడం పదకొండేళ్ళలో ఇదే మొదలు.

నరసరావుపేట బస్టాండు,
ఆగస్టు 2

అమ్మా యశస్వినీ,

గడప దగ్గర నాకు నోరు పెగలదేమోనని ఈ కాగితం రాసి చేత్తో పట్టుకొస్తున్నాను.

నన్ను పట్టేశానని మురిసిపోతున్నావు. మొదటి భాగం నలభయ్యో పేజీలోనే నేను నిన్ను పట్టుకున్నాను. “లేవే ముసలీ, ఎండెక్కింది” అనేది మా అమ్మ రోజూ మజ్జిగ చిలికే ముందు కవ్వాన్ని నేలకు తట్టి అనే మాట. అది విన్నవాళ్ళం ఇద్దరమే మిగిలాం, నేనూ మీ నాన్నా. వాడు చెప్పకుండా నీకెట్లా తెలుస్తుంది? వాడింకా మా ఇంటి మాటలు చెప్పుకుంటున్నాడని తెలిసి ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేంది, బాగా ఏడ్చాను.

ఊరందరికీ తీర్పులు చెప్పినవాణ్ణి. నా మీద తీర్పు చెప్పే ధైర్యం ఊళ్ళో ఒక్కరికీ లేకపోయింది. తీర్పు లేనిదే నా కాళ్ళు కదలవు. అందుకని నీ రాజుల పేరు చెప్పి నాకు నేనే చెప్పుకున్నాను.

బస్సులోనే వచ్చాను. మజ్జిగ చిలకమని మీ నాన్నతో చెప్పు. కవ్వాన్ని ఎట్లా లేపాలో వాడికి తెలుసు.

మీ పెదనాన్న,
ఉగ్రకేతుడు

తా.క.: ఐదో భాగంలోనైనా నాకు జుట్టు పెట్టు. మిగతాదంతా ఉన్నదున్నట్టే రాశావు.