హోర్డింగు మీది మనిషి నా భార్య

నగరపాలక సంస్థ అధికారి వారి సముఖమునకు,
ఏక్‌బాల్‌పూర్ నివాసి, పోర్టు ఆఫీసు గుమస్తా దయారత్నం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పూజా క్లబ్బు వారి హోర్డింగు నుంచి నా భార్య ఫొటో తొలగించుట గురించి.

బెంగాలీలో ఇచ్చిన అర్జీని తమ ఆఫీసువారు క్లబ్బు సెక్రటరీకే పంపారు. తమరు తెలుగువారని విని ఇది తెలుగులో రాస్తున్నాను.

1. మా సందుకున్న ఒక్క దారి మీద ఈ ఏడు దుర్గాపూజ మండపం కట్టారు. లోపల రాయ్‌చౌధురీ మంత్రుల కుటుంబం మూడు తరాలనూ మట్టిబొమ్మలు చేసి నిలబెట్టారు. జనం ముందు వాటికి మొక్కి, తర్వాత అమ్మవారిని చూశారు.

2. అష్టమి నాడు నా భార్య విజయ కుమారి ఇంట్లో మరణించింది. శవపేటికను మండపంలోంచే తీసుకుపోవలసి వచ్చింది. "ఏటి బాబూ, శవానికీ లైనేనా?" అని మా బావమరిది జాబేజ్ అడిగాడు. "పాస్ ఉంటే అక్కర్లేదు దాదా," అన్నాడు వాలంటీరు. లైన్లోనే నడిచాము.

3. సమాధి దాకా పెట్టెకు మూత వేయకపోవడం మా వైపు క్రైస్తవుల ఆచారం. ఆ మంత్రుల కుటుంబంలో గతించిన పెద్దావిడను జనం రాణీమా అంటారు. మా పెట్టెను చూసి, ఆవిడ అంతిమయాత్రను క్లబ్బువారు ఆడి చూపిస్తున్నారనుకున్నారు. "అచ్చం రాణీమాయే!" అని పూలు వేశారు, ఫొటోలు తీశారు. ఒకాయన నాతో, "దాదా, మీకు ఏడుపు ఇంకాస్త రావాలి," అన్నాడు.

4. మండపాలు చూసి బహుమతి ఇచ్చే పెద్దలు ఆలస్యంగా వచ్చారు. మేము సమాధుల తోటలో ఉండగా సెక్రటరీ ఫోన్ చేసి, పెట్టెను ఒక్కసారి వెనక్కి తేగలరా అని అడిగాడు. తేలేదు. ఫొటో చూపించి బహుమతి తెచ్చుకున్నారు. అదే ఇప్పుడు హోర్డింగు. కింద 'రాణీమా' అని రాశారు. ఎవరెవరో వచ్చి ఆ నుదుటికి కుంకుమ పెడుతున్నారు. బతికుండగా ఆమె పెట్టుకోలేదు.

5. మా అమ్మాయి షెకైనా కాలేజీకి అటే వెళ్ళాలి. ఒకరోజు అక్కడ ఆగి ఏడ్చింది. పూలమ్మే ఆవిడ తల నిమిరి, "ఊరుకో తల్లీ, ఆవిడ మనందరికీ అమ్మే," అంది. అప్పటినుంచి ముఖం తిప్పుకుని వెళుతోంది.

కావున ఈ మనవి చిత్తగించి, ఆ బొమ్మను దింపించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
దయారత్నం

తా.క. నిన్న రాణీమా కూతురు స్వయంగా వచ్చి, హోర్డింగు ముందు నిలబడి ఏడ్చింది. సెక్రటరీ నన్ను పిలిచి, "సొంత కూతురే పోల్చుకుంది, ఇంక మధ్యలో నువ్వెవరు?" అన్నాడు. దింపించడం తమ చేతిలో లేకపోతే, కింద విజయ కుమారి అని రాయించండి. చిన్న అక్షరాలైనా సరే.