హవాయి అలల మీద నా మాట

మంగళవారం, రాత్రి పది దాటింది

హవాయిల నేను అలల అంచనా రాసే బీచ్‌కు, అక్కడ తెల్లారేసరికి మోకాలెత్తు అలలే వస్తయని కంప్యూటర్ లెక్క చెప్పింది. నడి సముద్రంల తేలే కొలత పరికరమేమో పెద్ద అలలు బయల్దేరినయని చూపెట్టింది. "బోర్డెక్కి అలల మీద సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేటోళ్లు నీళ్లల్ల దిగొద్దు" అని రిపోర్ట్ రాసిన. మేనేజర్ సారు ఫోన్ చేసిండు.

"అశ్వారావుపేటల కూసొని గిట్ల భయపెడితే ఎట్ల? అసలు సముద్రం చూసినవా?"

"చూడలే సార్. గాని లెక్క చదవొస్తది. రిపోర్ట్ నా పేరు మీదనే పెట్టుండ్రి."

పెట్టిండు. తప్పైతే నా ఉద్యోగం పోతది.

ఇప్పుడే అక్కడ తెల్లారింది, ఆ బీచ్ మీది కెమెరాల చూసిన. అలలు మనిషెత్తు దాటి లేస్తున్నయి. నేర్చుకునేటోళ్లంత బోర్డులు పక్కన పెట్టుకొని ఇసుకల కూసున్నరు.

సారు మెచ్చుకుంటె మెచ్చుకోని. లేకపోతే మానె. రేపు కూడ నాకు కనపడ్డదే రాస్త.