పత్తి కాంటా మీద పద్మలత

ఆదిలాబాద్,
నవంబర్ 19.

బిడ్డా భవ్యశ్రీ,

నువ్వు క్షేమంగా ఉన్నావని తెలుసు కాబట్టి ఆ ప్రశ్న వేసి కాగితం దండగ చేయను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావు. మనది రెండు గదుల ఇల్లు. నేను ఏ మూల నిలబడి మాట్లాడినా మీ అమ్మ చెవిన పడుతుంది. ఇది ఆమె గురించిన మాట.

ఎండాకాలంలో కరీంనగర్‌లో శ్రీహరి డాక్టరుకు చూపించినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. కుడి తుంటి కీలు అరిగిపోయిందని, మార్చడం తప్ప దారి లేదని చెప్పాడు. "తుంటి అరుగుడుకు బరువొక్కటే కారణం గాదమ్మా. మోకాలైతే బరువుకు తొందరగ లొంగుతది. తుంటికి ఎముక అమరిక, వంశం, చేసిన పని, అన్ని కలుస్తయి. కానీ నేను కోసినంక పుండు మానాలె, చీము పట్టొద్దు. అందుకే తొంభై కిలోలకు దిగాలె, మూడు నెలల సగటు షుగర్ ఎనిమిది లోపలికి రావాలె. గప్పుడు తీసుకరాన్రి" అన్నాడు. అందులో మొదటి సగం నేను పట్టించుకోలేదు. తొంభై అన్న మాటే పట్టుకుని ఇంటికి వచ్చాను.

వచ్చిన రోజు నుంచి మీ అమ్మ తిండి నా చేతిలో ఉంది. అంత పెద్ద బడిని నడిపినదాన్ని, ఒక కంచాన్ని నడపలేనా అనుకున్నాను. పూటకు రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర, పలచటి మజ్జిగ. చక్కెర, బెల్లం నా బీరువాలో పెట్టి తాళం వేశాను. మొదట్లో తొంభై ఎనిమిది నుంచి తొంభై నాలుగుకు దిగింది. నొప్పి మాత్రం దిగలేదు. అంగన్‌వాడీలో పిల్లల్ని ఎత్తుకోలేక ఆయా పనికి సెలవు పెట్టింది. గడప దాటాలంటే కుడి కాలును చేత్తో ఎత్తి అవతల పెట్టుకునేది.

అప్పుడు నేను ఒక పని చేశాను. నీకు చెప్పలేదు. సరిహద్దు దగ్గర బుధవారం అంగడికి అవతలి నుంచి ఒక వైద్యుడు వస్తాడు. కీళ్ల నొప్పులకు గోధుమ రంగు పొడి ఇస్తాడు. "ఆజీ, పంధ్రా దివసాంత్ బఘా" అన్నాడు, పదిహేను రోజుల్లో చూసుకోమని. అన్ని రోజులు పట్టలేదు. వారం తిరగకముందే మీ అమ్మ గోడ పట్టుకోకుండా నడిచింది. సద్దుల బతుకమ్మ నాడు వంగి చప్పట్లు కొడుతూ తిరిగిన వీడియో నీకు పంపింది చూడు, అది ఆ పొడి చలవే. నర్సింగు చదివేదానివి, వద్దంటావని నీ దగ్గర దాచాను.

అసలు సంగతికి వస్తాను. దసరా వెళ్లినప్పటి నుంచి ఆమె బరువు పెరుగుతోంది. మందుల దుకాణంలో మిషను ఒకటి చెబుతుంది, ఆసుపత్రిలోది ఇంకొకటి చెబుతుంది. అందుకని మీ నాన్న పనిచేసే జిన్నింగు మిల్లుకు తీసుకుపోయి పత్తి తూచే కాంటా మీద నిలబెడుతున్నాను. మొన్న ఆదివారమైనా సీజను కాబట్టి మిల్లు నడిచింది. హమాలీలు ఉన్నారు. మీ అమ్మ కాంటా ఎక్కగానే వాళ్లలో పరశురాములు, తడి పత్తికి తూకం తగ్గించినట్టు, మీ నాన్నను చూసి "వెంకటేశన్నా, వదినెకు తేమ కింద ఎంత కోత పెడదాం?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అమ్మ కూడా నవ్వి "నాది ఎండిన పత్తే అన్నా, కోత పెడితే ఊకోను" అంది. కాంటా నూట మూడు చూపించింది.

"దొంగతనంగ ఏం తింటున్నవ్?" అని అక్కడే అడిగాను.

"మీరు పెట్టిందే తింటున్న అత్తమ్మా. ఆకలైతే శాన అయితుంది, గది నిజం. కానీ ఏం ముట్టలే."

"గాలి తింటే పెరుగుతరా?"

మీ నాన్న మధ్యలోకి వచ్చాడు. "అవ్వా, ఇడిసిపెట్టు. మంది చూస్తున్నరు" అన్నాడు. మీ అమ్మ కాంటా దిగి గేటు వైపు నడిచింది. ఈ నెలలో ఆమె ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. వేలి చుక్కతో చూస్తే షుగర్ మూడు వందలు దాటింది. ఏమీ తినని మనిషి ఇలా ఉంటుందా, నువ్వే చెప్పు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. రేపటి నుంచి పొడి ఇవ్వను. నొప్పి లేదు కాబట్టి భయం లేదు, భయం లేదు కాబట్టి నోటికి కట్టుబాటు లేదు. కాలు మళ్లీ నొప్పి పెడితే ఆపరేషన్ సంగతి గుర్తుకొస్తుంది. నువ్వు కూడా ఈసారి వచ్చినప్పుడు గట్టిగా చెప్పు. నా మీద జాలిపడి కాదు, ఆమె మీద జాలిపడే చెప్పు.

నీ బాపమ్మ,
వనజ


ఆదిలాబాద్, పెద్దాసుపత్రి,
నవంబర్ 26.

భవ్యా,

మీ అమ్మకు గ్యాస్ అని మీ నాన్న ఫోన్‌లో నీకు చెప్పాడు. పరీక్షల ముందు కంగారు పడతావని నేనే అలా చెప్పమన్నాను. అది గ్యాస్ కాదు.

పొడి ఆపిన తర్వాత మీ అమ్మ తిండి మానేసింది. మొదట సంతోషించాను. వాంతులు మొదలయ్యాయి. కళ్లు తిరుగుతున్నాయని పడుకుంది. నాకు నటన అనిపించింది. "లెవ్వు, బట్టలు ఆరెయ్యి" అన్నాను. లేచింది. తీగ దాకా పోయి, తడి చీర చేతిలో ఉండగానే కూలబడింది. ఎత్తబోతే ఒళ్లు చల్లగా ఉంది. మీ నాన్న మిల్లు నుంచి ఆటో తెచ్చేదాకా ఆమె తల నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్లయింది, తల ఒడిలో పెట్టుకోవడం అదే మొదటిసారి.

ఇక్కడ ఆఫ్రీన్ అనే డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. బీపీ చూసి, ముఖం చూసి, పొట్ట మీద ఎర్రటి చారలు చూసింది. "అమ్మా, దేశీ దవా ఏమన్న ఇచ్చిన్రా?" అని అడిగింది. "లేదు" అన్నాను. అబద్ధమాడాలని కాదు. రోజూ నా చేతులతో మజ్జిగలో కలిపింది దేశీ దవా ఎలా అవుతుందనిపించింది. మీ అమ్మ కళ్లు తెరవకుండానే "పొడి అత్తమ్మా, చెప్పున్రి" అంది.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి తీసుకుపోయింది. "గసొంటి పొడులల్ల స్టెరాయిడ్ కలుపుతరు పెద్దమ్మా. నొప్పి జాదూ లెక్క పోతది. కానీ ఆకలి పెంచుతది, షుగర్ పెంచుతది, ముఖం ఉబ్బుతది, కొవ్వు పడతది. ఆమె దొంగతనంగ తినలే. గీ బరువు గా పొడి తెచ్చింది. ఒళ్లు దానికి అలవాటు పడ్డంక అమాంతం బంద్ చేస్తే పానం మీదికొస్తది. ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "ఇప్పుడు గదే మందు గోలీలిచ్చి మెల్లగ తగ్గిస్తం, పరేషాన్ కాకున్రి" అని లోపలికి పోయింది.

మీ అమ్మకు సెలైన్ ఎక్కుతోంది. సాయంత్రం కొంచెం మాట్లాడింది. పక్క మంచం ఆవిడ నన్ను చూసి "మీ అవ్వనా?" అని అడిగితే, "అత్తమ్మ. మస్తు మంచిగ చూసుకుంటది" అని చెప్పింది. వెటకారం కాదు. వెటకారమైతే నాకు తెలుస్తుంది.

పరీక్షలు బాగా రాయి. ఇప్పుడు రావొద్దు.

బాపమ్మ


ఆదిలాబాద్,
జనవరి 28, మంగళవారం.

నా తల్లి భవ్యకు,

మొన్న కరీంనగర్‌లో నిన్ను ఆసుపత్రి గేటు దగ్గరే ఆపి హాస్టలుకు పంపేశాను. నీకు కోపం వచ్చింది. లోపల డాక్టరు ఏం చెబుతాడో నాకు ముందే అర్థమైంది, నీ ముందు వినదలుచుకోలేదు. ఇంటికి వచ్చాక అంతా చెబుతామని మీ నాన్న అన్నాడు కానీ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

శ్రీహరి డాక్టరు కొత్త స్కానింగు వెలుగులో పెట్టి చూపించాడు. "ఈ కుడి తుంటి బంతి చూడున్రి. రక్తం అందక కూలిపోయింది. ఎడమ పక్క కూడ మొదలైంది. పొడితోనే అయిందని చెప్పలేను, కాలేదని కూడ చెప్పలేను" అన్నాడు.

"అయితే రెండూ మార్చున్రి" అన్నాను.

"ఇన్సులిన్ మీద కూడ షుగర్ ఆగుతలేదమ్మా. చర్మం పల్చబడ్డది. గిప్పుడు కోస్తే చీము పడతది, లోపల పెట్టిన కీలు మళ్ల తీసెయ్యాలె. గప్పుడు మంచానికే పరిమితమైతది."

"బరువు తగ్గితే?"

"నడవనిది ఎట్ల తగ్గిస్తం? తిండి మరీ కోస్తే కొవ్వు కన్న ముందు కండ పోతది. ఉన్న కండే ఆమెను నిలబెడుతది. చూద్దాం" అన్నాడు. ఎప్పటిదాకా చూద్దామో చెప్పలేదు. నేను అడగలేదు. తారీఖు అడగకుండా ఒక చోటి నుంచి లేచి రావడం నాకు అలవాటు లేని పని.

మీ అమ్మ ఇప్పుడు లేవలేకపోతోంది. పొద్దున మీ నాన్న మిల్లుకు పోకముందు ఒకసారి ఎత్తి బాత్రూముకు తీసుకుపోతాడు. తర్వాత నేనే. ఒక చేయి నా మెడ చుట్టూ వేస్తుంది, రెండో చేత్తో గోడ పట్టుకుంటుంది. నా వయసు నీకు తెలుసు. నిన్న గడప దగ్గర ఇద్దరం కలిసి కింద పడ్డాం. దెబ్బలు తగల్లేదు. లేవలేక అలాగే కూర్చున్నాం. ఆమెకు నవ్వొచ్చింది. "అత్తమ్మా, ఇద్దర్ని కలిపి కాంటా ఎక్కిస్తే మిల్లు బంద్ పెట్టాలె" అంది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది.

"ఆ వైద్యుడు ఇంక వస్తుండా అంగడికి?"

"పద్మా!"

"నాకు తెలుసు అత్తమ్మా. అన్ని తెలుసు. ఆపరేషన్ గాదు, తుంటి రాదు. ఎన్నేండ్లుంటనో తెల్వది. గా పొడి మీద నా కాళ్ల మీద నేను బాత్రూముకు పోయిన. మీరు నన్ను ఎత్తి కడుగుతుంటే నాకు పానం పోయినట్లైతుంది. ఎట్లనో పోయేదే కదా, నడుసుకుంట పోత."

బడిలో పిల్లలు తప్పు లెక్క చేస్తే ఎక్కడ తప్పారో వేలు పెట్టి చూపించేదాన్ని. ఆమె మాటలో తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పొడి కొన్ని నెలలు నడిపిస్తుంది, ఆ తర్వాత ఎడమ తుంటి కూడా పోతుంది, షుగర్ కళ్ల మీదికి, కిడ్నీల మీదికి వస్తుంది. ఇదంతా చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది. "అవును" అంది. "తెప్పిస్తరా?" అంది.

మీ నాన్న సాయంత్రం వచ్చాక ఆమె ఆయన్నీ అడిగింది. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రేపు బుధవారమవ్వా. మిల్లు పని మీద అటే పోతున్న. తేవాల్నా, వద్దా? నువ్వేదంటే గదే" అన్నాడు. ఈ ఇంట్లో అన్ని మాటలకూ చివరి మాట నాదే. ఆయన నిలబడే ఉన్నాడు. నేను పప్పు ఏరుతూ కూర్చున్నాను. కొంతసేపు చూసి పోయి పడుకున్నాడు.

నువ్వు వద్దంటావు. వద్దనడమే సరైనది. నువ్వు చెబితే మీ అమ్మ వింటుంది, మీ నాన్న వింటాడు, నేనూ వింటాను. అందుకే నీకు రాస్తున్నాను.

ఈ ఉత్తరం రేపు పొద్దున పోస్టు డబ్బాలో పడుతుంది. నీకు చేరేసరికి శుక్రవారమో, శనివారమో అవుతుంది. ఫోన్ నా పక్కనే ఉంది. నీ నంబరు నాకు నోటికి వచ్చు.

నీ బాపమ్మ,
వనజ